అరకు నుంచి అమెరికా చూద్దాం



కూర్చున్న చోటు కదలకుండా దూరదేశం చూసి రావడం తెలుగువాళ్ళకు కొత్త సంగతేమీ కాదు. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. వెంట దాదాపు వందమంది పరివారం, పల్లకీలు, డేరాలు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. ఆ పదిహేను నెలలూ ఆయన మజిలీ మజిలీకీ చూసిందంతా రాసి, మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి పంపుతూ వచ్చారు. ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయి, ఏ బజారులో ఏ సరుకు దొరుకుతుంది, ఏ నదిని ఎక్కడ దాటాలి, అక్కడి మనుషుల నడవడి ఎలా ఉంటుంది, అన్నీ రాశారు. పిళ్ళై గారు ఇంట్లో కూర్చునే కాశీ చూశారు. 1838లో ఆ రాతల్ని ఆయన పుస్తకంగా అచ్చు వేయించాక, చదువు వచ్చినవాళ్ళంతా చూశారు. తర్వాతి రోజుల్లో చదువు రానివాళ్ళకు తీర్థాల్లో బయోస్కోపు పెట్టె ఉండేది. కాణీ ఇచ్చి, అద్దానికి కన్ను ఆనించి, కాశీ, ఢిల్లీ, తాజమహలు చూసి, ఊళ్ళో నెల రోజులు చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆ పెట్టె అందరి జేబుల్లోనూ ఉంది. అరవై దాటినవాళ్ళం, అరకులోనో అనంతగిరిలోనో పాడేరులోనో ఉన్నవాళ్ళం, లేదా ఘాటు దిగి విశాఖపట్నంలో స్థిరపడ్డవాళ్ళం, ఆ తెర మీద అమెరికా రాష్ట్రాలను ఎలా చూడవచ్చో ఈవేళ చెబుతాను. నేను చాలా ఏళ్ళు ఏజెన్సీ బడుల్లో సోషల్ చెప్పినదాన్ని. పాఠ్యపుస్తకంలో అమెరికా అంటే గోధుమ, మొక్కజొన్న, అయిదు మహాసరస్సులు, పిట్స్‌బర్గ్ ఉక్కు. పరీక్ష అవగానే పిల్లలు మరిచిపోయేవాళ్ళు. ఆ దేశానికి యాభై రాష్ట్రాలున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో నేల, ఒక్కో వాన, ఒక్కో కథ. అవి తెలుసుకోవడానికి వీసా అక్కర్లేదు, మోకాళ్ళ బలం అక్కర్లేదు. అయితే ఎక్కడ మొదలుపెట్టాలన్నది మాత్రం కాస్త ఆలోచించుకోవాలి.

మామూలుగా మనవడు ఫోను తీసి ముందు స్వేచ్ఛా ప్రతిమ చూపిస్తాడు, తర్వాత న్యూయార్కు మేడలు, తర్వాత లాస్ వేగాస్ దీపాలు. పెద్దవాళ్ళు ఆహా అంటారు, అరగంటలో కళ్ళు లాగుతాయి, మర్నాటికి ఏమీ గుర్తుండదు. గుర్తుండకపోవడం వాళ్ళ వయసు తప్పు కాదు. ఆ మేడలకూ వాళ్ళ బతుక్కీ ఎక్కడా ముడి పడలేదు. అందుకని నేను చెప్పేది ఒక్కటే. మన కొండ దగ్గర బయలుదేరండి. మీకు తెలిసిన పంట, మీకు తెలిసిన గుహ, మీకు తెలిసిన మట్టి అమెరికాలో ఏ రాష్ట్రంలో ఉందో వెతకండి. అరవై డెబ్భై ఏళ్ళు ఒక నేలను చూసిన కన్ను ఇంకో నేలలో చాలా చూడగలదు. చదువుకున్న కుర్రవాళ్ళకు కనబడనివి కూడా ఆ కంటికి కనబడతాయి.

ముందు కాఫీ సంగతి చూద్దాం. గూగుల్ ఎర్త్ తెరిచి అరకు మీద వేలు పెట్టండి. మనం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి రవ్వంత పైన ఉన్నాం. ఆ గీత వెంబడే పడమటికి జరపండి. మహారాష్ట్ర వెళుతుంది, సముద్రం వస్తుంది, అరేబియా, ఆ తర్వాత ఆఫ్రికా ఎడారి, అట్లాంటిక్ మహాసముద్రం. ఆ నీళ్ళకు అవతల మొదట తగిలే ద్వీపాల్లో ప్యూర్టో రికో ఒకటి. అది అమెరికా ఏలుబడిలో ఉన్న భూభాగమే గాని రాష్ట్రం కాదు. సరిగ్గా మన అక్షాంశమే, దాని నడిబొడ్డున కొండలు, ఆ కొండల మీద కాఫీ. ఇంకా పడమటికి మెక్సికో దాటి పసిఫిక్‌లో చాలా దూరం పోతే, మన గీతకు కాస్త పైగా హవాయి రాష్ట్రం. యాభై రాష్ట్రాల్లో ఉష్ణమండలంలో ఉన్నది అదొక్కటే. కాఫీని పెద్ద పంటగా, తరతరాలుగా పండిస్తున్న రాష్ట్రం కూడా అదే.

హవాయి పెద్ద దీవికి పడమటి పక్కన కోనా అనే సీమ ఉంది. అగ్నిపర్వతాల వాలు మీద, లావా గడ్డకట్టిన రాళ్ళ మధ్య కాఫీ మొక్కలుంటాయి. శామ్యూల్ రగిల్స్ అనే క్రైస్తవ మిషనరీ 1828లో అక్కడ మొదట నాటాడని చెబుతారు. మన దగ్గర కాఫీ సిల్వర్ ఓక్ నీడన పెరుగుతుంది, ఆ మానుల మీద మిరియాల పాదులు పాకుతాయి. కోనాలో పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నానికి కొండ మీద మబ్బు కమ్ముతుంది. అక్కడ చాలామటుకు ఆ మబ్బే నీడ. ఈ తేడాను ఒక కాఫీ రైతు తెర మీద చూసిన మరుక్షణం పట్టుకుంటాడు. అక్కడా పెద్ద ఎస్టేట్లు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో జపాను నుంచి వచ్చిన కూలి కుటుంబాలు నాలుగైదు ఎకరాలు కౌలుకు తీసుకుని, ఇంటిల్లిపాదీ కోసి, ఎండబెట్టి అమ్మేవి. మన గిరిజన కుటుంబాల చేతిలో ఉన్నవీ అలాంటి చిన్న చెక్కలే. అక్కడ బస్తాలు గాడిదల మీద మోసేవాళ్ళు.

కోనా గురించి తెలుసుకున్నవాటిలో ఒక సంగతి మాత్రం నన్ను టీచరుగా కదిలించింది. కాఫీ పళ్ళు ఎర్రబడే రోజుల్లో పిల్లలు బడికి రావడం మానేస్తారు. అరకులోనూ అంతే, ఒకప్పటి కోనాలోనూ అంతే. అయితే కోనాలో 1932 నుంచి 1969 దాకా బడి సెలవులనే కోతల కాలానికి మార్చేశారు. తక్కిన అమెరికా పిల్లలకు వేసవిలో సెలవులిస్తే, కోనా పిల్లలకు ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇచ్చారు. బడి పంటను చూసి సర్దుకుంది. మన ఏజెన్సీలో నవంబరు, డిసెంబరు నెలల్లో హాజరు పట్టీలో పడే సున్నాలు చూసిన ఏ ఉపాధ్యాయుడికైనా ఈ కబురు చెప్పి చూడండి, ఆగి వింటాడు.

ఇక రాళ్ళు. మన తూర్పు కనుమల ఎర్రటి రాయికి భూగర్భశాస్త్రంలో ఖోండలైట్ అని పేరు. ఖోండు ఆదివాసుల పేరే దానికి పెట్టారు. దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిన రాళ్ళు ఇవి. అమెరికాకు కూడా తూర్పు కనుమలున్నాయి. వాటి పేరు అపలాచియన్ పర్వతాలు. దక్షిణాన అలబామా, జార్జియా నుంచి ఉత్తరాన మెయిన్ దాకా, తూర్పు తీరానికి కాస్త లోపలగా సాగుతాయి. అక్కడి బ్లూ రిడ్జ్ అడుగున ఉన్న పాతరాళ్ళ వయసు కూడా వంద కోట్ల ఏళ్ళ మాటే. హిమాలయాల వలె మొన మొన శిఖరాలు కావు. వాన, గాలి అరగదీసి గుండ్రం చేసిన ముసలి కొండలు, పొద్దునపూట లోయల్లో మంచు. నార్త్ కరోలినాలో మౌంట్ మిచెల్ 2,037 మీటర్లు, మన అర్మ కొండ 1,680. నార్త్ కరోలినా, టెన్నెసీ సరిహద్దులో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అనే పార్కును తెర మీద తెరిచి, మాట్లాడకుండా ఒక అరకు అవ్వ చేతికివ్వండి. గాలికొండ దగ్గర తీసిన బొమ్మ అనుకున్నా ఆశ్చర్యం లేదు.

అపలాచియన్లకు పడమరగా కెంటకీ రాష్ట్రం వస్తుంది. అక్కడ సున్నపురాతి నేల కింద మామత్ కేవ్ ఉంది. మన అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలు తెలిసినవాళ్ళకు ఆ గుహ సగం తెలిసినట్టే. వాననీరు నేలలోకి దిగి, సున్నపురాతిని మెల్లగా కరిగించి దారి చేసుకుంటుంది. పైనుంచి కారిన చుక్కచుక్కా కింద పేరుకుని స్తంభమవుతుంది. బొర్రాలో అలా పేరుకున్న దాన్నే శివలింగమని కొలుస్తాం. బొర్రాను గంటలో చూసి బయటికి రావచ్చు. మామత్ కేవ్‌లో ఇప్పటిదాకా కొలిచిన సొరంగాల పొడవు 680 కిలోమీటర్లకు పైనే. ప్రపంచంలో తెలిసినంతవరకు అంత పొడుగాటి గుహ ఇంకొకటి లేదు. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు దాని లోపలి దారులను తెర మీద తిరిగి చూసే వీలు కల్పించారు.

ఆ గుహకు వెళ్ళినప్పుడు స్టీఫెన్ బిషప్ పేరు వెతకండి. 1838లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండని నల్లజాతి బానిస కుర్రవాణ్ణి అతని యజమాని ఆ గుహకు దారి చూపేవాడిగా పెట్టాడు. చేతిలో నూనెదీపం, మెడలోతు చీకటి. అడుగు కనబడని గొయ్యి ఒకటి అడ్డం వచ్చి అక్కడితో అందరూ వెనక్కి మళ్ళేవాళ్ళు. అతను ఆ గొయ్యి దాటాడు. అవతల మైళ్ళకొద్దీ కొత్త దారులు కనిపెట్టాడు, నేలకింది నదిలో కళ్ళులేని చేపలను చూశాడు. 1842లో ఆ గుహ పటాన్ని జ్ఞాపకం మీద గీశాడు. తర్వాత చాలాకాలం ఆ పటమే అందరికీ ఆధారం. 1856లో అతనికి స్వేచ్ఛ దొరికింది, మరుసటి ఏడే చనిపోయాడు. బొర్రాలో గైడుగా బతుకుతున్న గిరిజన యువకులు మనకు తెలుసు. లాంతరు పట్టుకుని తరతరాలు ఆ చీకట్లోకి వెళ్ళిన వాళ్ళ పెద్దల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. బిషప్ కథ విన్న బొర్రా తాత ఒకరు తన తండ్రి గురించి చెప్పడం మొదలుపెడితే, దయచేసి ఎవరైనా రాసుకోండి.

గుహలు ఇష్టపడితే న్యూ మెక్సికో రాష్ట్రంలో కార్ల్స్‌బాడ్ గుహలు కూడా చూడండి. 2016లో గూగుల్ సంస్థ అయిదు జాతీయ పార్కులను చుట్టూ తిరిగి చూసేలా చిత్రించింది. అందులో ఇదొకటి. తక్కినవి అలాస్కా, హవాయి, యూటా, ఫ్లోరిడా రాష్ట్రాల్లోవి. పార్కుకొక రేంజరు పక్కన నిలబడి చూపిస్తున్నట్టు మాట్లాడతారు. వేసవి సాయంత్రాల్లో కార్ల్స్‌బాడ్ నోట్లోంచి లక్షల గబ్బిలాలు ఎగిరిపోతాయి. అది మాత్రం తప్పక చూడాలి.

గుహల నుంచి ఇక సొరంగాలకు వద్దాం. మన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సొరంగాల మీద సొరంగాలు దూరి సిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన దారి అది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోనూ రైలుదారి కోసం బిగ్ బెండ్ సొరంగాన్ని 1870లో మొదలుపెట్టి తొలిచారు. అక్కడ జాన్ హెన్రీ అనే నల్లజాతి కూలివాడు ఆవిరియంత్రంతో పోటీపడి సుత్తితో రాయి తొలిచి గెలిచాడనీ, గెలిచి అక్కడే ప్రాణం విడిచాడనీ జానపదం. రైలు పని చూసిన తాతలున్న ఇళ్ళలో ఈ కథ చెప్పండి.

ఆ వెస్ట్ వర్జీనియాలోనే ఇంకొకటి చూడాలి, అది చూడ్డానికి గుండె కాస్త గట్టిచేసుకోవాలి. గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఏడాదికేడాది నేల ఎలా మారిందో చూపించే ఏర్పాటు ఉంది. రాష్ట్రం దక్షిణభాగం మీద నిలిపి ఏళ్ళు నడిపించండి. పచ్చగా ఉన్న కొండలు ఒక్కొక్కటే బూడిదరంగు మైదానాలైపోతాయి. బొగ్గు కోసం కొండ నెత్తిని మందుగుండుతో పేల్చి, ఆ రాయీ మట్టీ పక్క లోయల్లో పోసేశారు. అపలాచియన్లలో ఇలా పోయిన శిఖరాలు వందల్లో ఉన్నాయి, పూడిపోయిన వాగులూ ఉన్నాయి. అనంతగిరి మండలం వాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. బొర్రా చుట్టుపక్కల గ్రామాల గనుల లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్నది. ఆ తీర్పు మన కొండలకు ఎంత చేసిందో వెస్ట్ వర్జీనియాను పైనుంచి చూస్తే అర్థమవుతుంది. మన తర్వాతి తరం ఆ బొమ్మను ఒక్కసారైనా చూసి తీరాలి.

మళ్ళీ 1830కి వస్తాను. వీరాస్వామయ్య గారు కాశీకి బయలుదేరిన పది రోజులకు, మే 28న, అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసులను పడమటికి తరలించడానికి దారి వేసిన చట్టం. జార్జియా, టెన్నెసీ, నార్త్ కరోలినా కొండల్లో చెరోకీలు ఉండేవాళ్ళు. మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి కలిపి వేసుకునే సేద్యగాళ్ళు.  జార్జియాలో వాళ్ళ నేలలో బంగారం దొరికింది, దాంతో వాళ్ళకు కష్టం మొదలైంది. వాళ్ళు కోర్టుకెక్కారు. 1832లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. తీర్పు అమలు కాలేదు. 1838లో సైనికులు ఇళ్ళలోంచి లాగి, దాదాపు పదహారు వేలమందిని ఇప్పటి ఓక్లహోమాకు నడిపించారు. దారిలో, శిబిరాల్లో, చలికీ రోగాలకూ సుమారు నాలుగు వేలమంది పోయారని అంచనా. కాశీయాత్ర చరిత్ర మద్రాసులో అచ్చయిందీ, స్టీఫెన్ బిషప్ గుహలోకి దిగిందీ ఆ ఏడే.

చెరోకీలు నడిచిన ఈ దారి ఇప్పుడు జాతీయ చారిత్రక మార్గం. తెర మీద దాన్ని జార్జియాలో మొదలుపెట్టి, టెన్నెసీ, కెంటకీ, ఇలినాయ్, మిసోరీ, ఆర్కన్సా మీదుగా ఓక్లహోమాలో తాలెక్వా దాకా జరుపుకుంటూ వెళ్ళవచ్చు. ఏడు రాష్ట్రాలు ఒక్క కథతో తెలుస్తాయి. ఒక్కో సాయంత్రం ఒక్కో రాష్ట్రం చూడండి, తొందరపడొద్దు. ఆఖరి మజిలీ తాలెక్వా ఇవాళ చెరోకీ జాతికి రాజధాని. సొంత ప్రభుత్వం, సొంత కోర్టులు, ఆసుపత్రులు నడుపుకుంటున్నారు. తరలింపుకు దొరక్కుండా కొండల్లో నిలిచిపోయినవాళ్ళ సంతతి నార్త్ కరోలినాలో స్మోకీ కొండల అంచున ఇప్పటికీ ఉంది. పోడు భూమి కోసం, పట్టా కోసం కాగితాలు పట్టుకుని తిరిగిన మన ఏజెన్సీ పెద్దలు ఈ కథ వింటే అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. కోర్టు తీర్పు ఎందుకు అమలు కాలేదు, వెనక్కి ఎవరైనా వచ్చారా, ఇప్పుడు భూమి ఎవరి పేర ఉంది అని అడుగుతారు. ఏ పాఠ్యపుస్తకమూ ఇన్ని మంచి ప్రశ్నలు పుట్టించదు.

చెరోకీల్లో సెక్వోయా అనే కంసాలి ఉండేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్ళ కాగితం మాట్లాడుతుంటే మన భాష ఎందుకు మాట్లాడదని పట్టుబట్టి, ఏళ్ళ తరబడి కూర్చుని, 1821 నాటికి ఎనభై అయిదుకు పైగా అక్షరాలతో లిపి తయారుచేశాడు. ఏడేళ్ళలో ఆ లిపిలో వార్తాపత్రిక వచ్చింది. ఇవాళ ఆ అక్షరాలు సెల్‌ఫోనులోనూ ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో సవరల కోసం పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు పడ్డ శ్రమ మీకు తెలుసు. ఆ భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. 1936లో మంగై గొమాంగో సవర భాషకు సొంత లిపి చేశారు. ఓక్లహోమా గురించి మాట్లాడుకునే రోజున ఈ ఇద్దరి పేర్లూ తలచుకోకపోతే నాకు ఆ పాఠం సగమే చెప్పినట్టుంటుంది.

ఇంత బరువు తర్వాత కాస్త సంతోషం కావాలి. అలాస్కాలో కట్మాయి జాతీయ పార్కు ఉంది. జూలైలో సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతూ జలపాతం మీదికి ఎగురుతాయి. గోధుమరంగు ఎలుగుబంట్లు జలపాతం అంచున నోరు తెరుచుకుని నిలబడతాయి. అక్కడ పెట్టిన కెమెరా ఆ దృశ్యాన్ని అప్పటికప్పుడు చూపిస్తుంది. మనకు రాత్రి ఎనిమిదైతే అక్కడ అప్పటికి పొద్దున ఆరున్నర. చలికాలం నిద్రకు ముందు బాగా కొవ్వు పట్టిన ఎలుగుకు ఏటా జనం ఓట్లు వేసి కిరీటం పెడతారు కూడా. ఇప్పచెట్ల కింద మన ఎలుగుబంటిని చూసి పరుగెత్తినవాళ్ళు ఆ కెమెరా ముందు నుంచి లేవరు. వయోమింగ్ రాష్ట్రంలో ఎల్లోస్టోన్ ఉంది. 1872లో దేశానికి మొదటి జాతీయ పార్కు అయింది. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ దాదాపు గంటన్నరకోసారి ముప్ఫయి మీటర్లకు మించి చిమ్ముతుంది. తర్వాత ఎప్పుడు చిమ్మేదీ పార్కువాళ్ళు ముందే చెబుతారు. రాత్రి భోజనాలయ్యాక పెడితే అక్కడ పొద్దుట వెలుగులో చూడొచ్చు.

ఇక పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. విశాఖలో, విజయనగరంలో ప్రతి వీధిలోనూ మీరున్నారు. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీ, ఇలినాయ్, వర్జీనియా, జార్జియా, ఈ రాష్ట్రాల్లో మనవాళ్ళు ఎక్కువ. వీడియో కాల్‌లో ఏం తిన్నావు, ఎప్పుడొస్తావు అన్న రెండు ప్రశ్నలతో మాట అయిపోతుంది. అబ్బాయి డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉన్నాడనుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో వాళ్ళ వీధిలోకి దిగి అటూ ఇటూ చూడండి. ఆ తర్వాత అక్కడి నేల గురించి చదివించుకోండి. డల్లాస్ చుట్టూ ఉన్నది నల్లరేగడి. ఒకప్పుడు పత్తి పండిన నేల. ఎండాకాలం బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు ఇళ్ళ పునాదులు పగులుతాయని, వేసవిలో జనం పునాది చుట్టూ గొట్టాలు పరిచి నేలకు నీళ్ళు పెడతారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన తండ్రికి ఈ సంగతి చెప్పండి. కొడుకు ఇల్లు కొనుక్కుంటానన్న రోజున ఆయన పునాది గురించి అడుగుతాడు. కొడుకు ఆగి, నాన్నకు ఇది ఎలా తెలుసని అనుకుంటాడు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ వేంకటేశ్వరాలయం కూడా చూడండి. 1970ల్లో కట్టింది. దేవుడు అక్కడా కొండ వాలు మీదే వెలిశాడు, ఆ కొండలు అపలాచియన్ల పడమటి అంచువి.

ఇప్పుడు చేతిపని. ఫోను తెర చిన్నది, కళ్ళకు శ్రమ. ఇంట్లోనో పంచాయతీ ఆఫీసులోనో స్మార్ట్ టీవీ ఉంటే దానికి కలిపించుకోండి. లోపలి గూడేల్లో సిగ్నలు ఉండదు. అందుకని సంతకు అరకో పాడేరో వచ్చినప్పుడు వీడియోలు దింపుకుని ఇంటికి తీసుకెళ్ళండి. కళ్ళకు కట్టుకునే వీఆర్ అద్దాలు ఎవరైనా ఇస్తే చేతుల కుర్చీలో కూర్చునే పెట్టుకోండి, నిలబడొద్దు. తల తిరిగే జబ్బు ఉన్నవాళ్ళు వాటి జోలికి పోకపోవడమే మంచిది, మామూలు తెర చాలు. అరగంట దాటనివ్వకండి. ఉచితంగా అమెరికా చూపిస్తామంటూ బ్యాంకు వివరాలో ఓటీపీయో అడిగితే అది మోసం. నేను చెప్పిన వాటికి రూపాయి కట్టనక్కర్లేదు.

ఒంటరిగా చూడకండి. నలుగురు కలిసి చూడండి. ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లో పిల్లాడో ఫోను పట్టుకుంటే, ఇంగ్లీషు మాట విని కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో తెలుగులోనో చెబుతారు. అక్షరం రాని అవ్వకు కూడా అడ్డేమీ ఉండదు. పిల్లకు ఇంగ్లీషు వస్తుంది, అవ్వకు అడవి వస్తుంది. తెర మీది చెట్టును చూసి ఇది నీడచెట్టా ఎండచెట్టా అని అడిగేది అవ్వే. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, చూసిన రాష్ట్రం పేరు, అక్కడ మనదాన్ని పోలింది ఏమిటి, పోలనిది ఏమిటి, రాయించండి. సీనియర్ సిటిజన్ల సంఘాలు, గ్రంథాలయాలు వారానికో సాయంత్రం దీనికి కేటాయించాలని నా కోరిక. ఏజెన్సీ గ్రంథాలయాల్లో ఒక తెర, ఒక నెట్ కనెక్షన్ పెట్టించమని అధికారులను అడగడంలో తప్పులేదు. అడుగుదాం.

చివరగా కాన్సాస్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రాష్ట్రపు పువ్వు పొద్దుతిరుగుడు. ఆ మొక్క పుట్టిల్లు ఉత్తర అమెరికాయే. అక్కడి ఆదివాసులే దాన్ని వేల ఏళ్ళ కిందట పంటగా మలిచారు. ఆగస్టు ఆఖరులో కాన్సాస్ పొలాలు పసుపుపచ్చగా మెరుస్తాయి. నవంబరులో మన అరకులో వలిసెలు పూస్తాయి. వలిసెది ఇథియోపియా పుట్టిల్లయినా, రెండూ ఒకే కుటుంబపు మొక్కలు, రెండూ నూనెగింజలే. ఈ నవంబరులో వలిసె చేను గట్టున నిలబడి ఒక వీడియో తీయండి. మీ పంట గురించి మీ భాషలో మీరే చెప్పండి. గింజ ఎప్పుడు చల్లారు, నూనె ఎలా ఆడిస్తారు, తేనెటీగలు ఎప్పుడొస్తాయి, అన్నీ. కింద ఇంగ్లీషు మాటలు పిల్లలు పెడతారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు పంపి, కాన్సాస్ బడుల్లో చూపించమనండి. బయటివాళ్ళు నెట్‌లో అరకు అని వెతికితే గుహ గుమ్మం, రైలు కిటికీ, థింసా ఆడుతున్న టూరిస్టులు మాత్రమే దొరుకుతున్నారు. వలిసె చేను సంగతి చెప్పగలిగినవాళ్ళు ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలోనే ఉన్నారు. వీడియోలో మీ ఊరి పేరు, మండలం పేరు తప్పకుండా చెప్పండి.